రెండో టేపు మీద ముప్పై ఒకటి

చొక్కా ఇంకా వెచ్చగానే ఉంది. నర్సమ్మాయి దాన్ని తెచ్చి ఒళ్ళో పెట్టి, "పట్టుకోండమ్మా, ఓ గంట పడుతుంది, ఎక్కడికీ పోకండి" అని ఆకుపచ్చ తలుపు అవతలికి మాయమైపోయింది. ఎక్కడికి పోతుంది? అరవై మూడేళ్ళ మనిషి, మోకాళ్ళు రెండూ చెరో మాట మీద నడిచే మనిషి. ఒళ్ళో అన్నయ్య చొక్కా, దాని మీద అన్నయ్య కళ్ళజోడు, చేతిలో నలభై ఒకటి అని రాసిన చీటీ. నలభై ఒకటి ప్రధాన సంఖ్య, ఒకటితోనూ తనతోనూ తప్ప దేనితోనూ తెగదు, అంతకు మించి దాంతో పనేమీ లేదు, అయినా చీటీ చేతికి రాగానే మనసు దాన్ని మూడుతో ఓసారి, ఏడుతో ఓసారి భాగించి చూసేసింది. ముప్పై ఎనిమిదేళ్ళు కాలేజీలో లెక్కలు చెప్పిన బుద్ధి, అడ్డం వచ్చిన ప్రతి గిన్నెలోనూ మూతి పెట్టి చూసే పిల్లి లాంటిది. పాలున్నాయా లేదా అన్నది తర్వాత మాట. గోడ గడియారం పదీ పది చూపిస్తోంది. ఎదురు బెంచీ మీద ఒకాయన నోరు తెరుచుకుని నిద్రపోతున్నాడు. తలుపు వెనక ఏదో యంత్రం టకటకటకమని కొట్టుకుని ఆగుతోంది, మళ్ళీ టకటకటక, అచ్చం కుట్టుమిషనే, అన్నయ్య కంటికి ఎవరో అంచు కుడుతున్నట్టు.

పొర తీసేసి అద్దం పెడతామంది డాక్టరమ్మ. ఏడాదిగా అన్నయ్య సూదిలో దారం ఎక్కించలేకపోతున్నాడు, నోరు తెరిచి ఎవరికీ చెప్పలేదు. వదినే కనిపెట్టింది. పొద్దున్నే కొట్టు తలుపులు తీసేలోపు మిషను సూదిలో దారం తనే ఎక్కించి, ఏమీ ఎరగనట్టు పక్కకి తప్పుకునేదట. అడిగితే ఒప్పుకున్నాడా? "నా కంటికేమైందే, ఈమధ్య సూదులకి బెజ్జాలు పెట్టడం మానేశారు" అన్నాడు. నవ్వించడం, తప్పించుకోవడం ఆయనకి ఒకే పని. చిన్నప్పుడు ఆ దారం ఎక్కించే పని తనది. నాన్నకి చత్వారం, అన్నయ్యకి తొందర, బెజ్జంలోంచి దారాన్ని ఒక్క దెబ్బలో దూర్చే చెయ్యి ఇంట్లో తనకొక్కదానికే ఉండేది. అందుకే సూదీ అని పేరు పెట్టాడు అన్నయ్య. ఉద్యోగం వచ్చినా, తల నెరిసినా, నలుగురిలో ఉన్నా "ఒసే సూదీ" అనే. కాలేజీకోసారి ఏదో కబురు చెప్పడానికొచ్చి గుమ్మంలో నిలబడి అలాగే పిలిస్తే పిల్లలంతా నోళ్ళు మూసుకుని భుజాలు ఎగరేసి నవ్వారు, ఆ ఏడు మొత్తం వెనక బెంచీల్లో ఆమె పేరు అదే. కళ్ళజోడు జారుతుంటే పట్టుకోబోయి చొక్కా కాలరు కింద వేలు పెట్టింది, చురుక్కుమంది. గుండుసూది. ఒకటి కాదు, రెండు. ఉంటాయి, ఆయన చొక్కా ఏది చూసినా కాలరు మడత కింద రెండు గుండుసూదులుంటాయి, నాన్నకీ ఉండేవి, చేతికి అందాలంటే అదే చోటు. వేలి చివర ఎర్రటి చుక్క లేచింది. అంత చిన్న చుక్క. ఆమె దాన్ని నోట్లో పెట్టుకుని, ఇవాళైనా చెప్పాలి, అనుకుంది.

ఎన్ని ఇవాళలయ్యాయో. నాన్న పోయిన నెలకి చెబుదామనుకుంది. తన రిటైర్మెంటు రోజున చెబుదామనుకుంది, ఆవేళ మైకు పట్టుకుని అన్నయ్య ముందే తన మాట చెప్పేశాడు, హాలు హాలంతా నవ్వింది, ఇంక ఏం చెబుతుంది? ఆ మాట ఏభై ఏళ్ళ నాటిది, అరిగిన నాణెంలా మెరుస్తూ ఉంటుంది. కొలతలివ్వడానికొచ్చిన ప్రతివాడికీ చెబుతాడు, చంకలో టేపు పెట్టి, "ఊపిరి బిగబట్టకండి, పొట్ట దాస్తే చొక్కా దాచదు" అని హెచ్చరించి, ఆపైన మొదలెడతాడు: "నేను లెక్కల ప్రొఫెసర్ని కావాల్సినవాణ్ణండీ, ముప్పై ఒక్క సెంటీమీటర్లు తక్కువై టైలర్నయ్యాను."

కొట్టు. వాసన ముందొస్తుంది, మనుషులు తర్వాత: తడిగుడ్డ మీద ఇస్త్రీపెట్టె ఆనించినప్పటి ఆవిరి వాసన, మిషను నూనె వాసన, కొత్త తాను విప్పినప్పటి గంజి వాసన. పొడుగాటి కటింగు బల్ల, దాని కింద ముక్కల గుట్ట, ఆ గుట్ట మీద కూర్చుని తను కాజాలు కుట్టేది. బల్ల కింద నుంచి లోకమంతా కాళ్ళే: నాన్న పాదం మిషను తొక్కుతూ, అన్నయ్య కాలు ఊరికే ఊగుతూ. ఆ కాలు ఊగుతోందంటే లెక్క నడుస్తోందని. బడిలో ఒక లెక్కల మాస్టారుండేవారు, దిద్దిన ప్రతి పేపరు మీదా ముందు సున్నా చుట్టి, తర్వాత నచ్చితే పక్కన అంకె వేసేవారని సున్నా మాస్టారని పేరు. ఆయనకి అన్నయ్యంటే ప్రాణం. ఒకరోజు కొట్టుకొచ్చి, కొలతలిస్తూ, చేతులు రెండూ బార్లా చాపి నిలబడే చెప్పారు: "ఒరే, ఒకటీ రెండూ నాలుగూ ఎనిమిదీ పదహారూ, ఇట్లా రెట్టింపుల వరస ఉందిగా. ఏదైనా ఒక సంఖ్య తీసుకో, దాన్ని దాంతోనే హెచ్చవేసి వర్గం చెయ్, ఏడు కలుపు. వచ్చింది ఆ రెట్టింపుల వరసలో పడాలి. అలాంటి సంఖ్యలు ఎన్నున్నాయో పట్టు. పెద్ద కాలేజీ వాళ్ళు ఉచితంగా చదివించే సీటు ఒకటే ఉంది, ముగ్గురు కూర్చుని అడుగుతారు, ఇలాంటివే అడుగుతారు." నాన్న నోట్లో సూదులు పెట్టుకుని, "చంక కొంచెం వదులుంచనా మాస్టారూ" అన్నాడు.

ఒకటి: వర్గం ఒకటి, ఏడు కలిపితే ఎనిమిది. పడింది. మూడు: తొమ్మిదీ ఏడూ పదహారు. అయిదు: పాతికా ఏడూ ముప్పై రెండు. ఒకటీ మూడూ అయిదూ అని అన్నయ్య ఎగిరి గంతేశాడు, ఇంకేముంది, బేసి సంఖ్యలన్నీ పడతాయన్నాడు, ఏడు దగ్గర బోర్లా పడ్డాడు, తొమ్మిదీ పడలేదు, పదకొండు దగ్గర మళ్ళీ, నూట ఇరవై ఒకటీ ఏడూ నూట ఇరవై ఎనిమిది. అంతే. ఆపైన ఎడారి. ఆయన పద్ధతి ఆయనది, టైలరు కొడుకు పద్ధతి: టేపు బల్ల మీద పరిచి, ఒక్కో అంకె దగ్గరా వేలుపెట్టి, సుద్దతో లెక్క వేసి, పడ్డ చోట గుండుసూది గుచ్చడం. ఒకటి, మూడు, అయిదు, పదకొండు, నాలుగు సూదులు ఒక చివర గుంపుగా, మిగతా టేపంతా బోడిగా, నూట యాభై దాకా. ఎనిమిది రోజులు పట్టింది. నూట యాభై దగ్గర టేపు చివరి ఇత్తడి రేకు తగిలింది. అన్నయ్య చేతులు దులుపుకుని, "నాలుగే, అయిపోయింది" అన్నాడు. టేపు అయిపోతే అంకెలు అయిపోయినట్టే! నవ్వొచ్చే మాటే గానీ ఆ కొట్టులో అది నవ్వొచ్చే మాట కాదు. ఆ ఊళ్ళో మనుషులందరి ఛాతీలూ నడుములూ పొడుగు చేతులూ ఆ నూట యాభైలో ఇమిడిపోయాయి, అంతకు మించిన మనిషి నాన్న దగ్గరికి ఎన్నడూ రాలేదు, ఇంక సంఖ్యలు మాత్రం ఎందుకొస్తాయి?

"ఇంకా పైన ఉంటాయేమో అన్నయ్యా" అంది తను, బల్ల కింద నుంచి తల పెట్టి. పన్నెండేళ్ళు. "నువ్వు కాజాలు కుట్టవే సూదీ, లెక్కలు నీ మొహానికెందుకు" అన్నాడాయన. అన్న మాట ఆయనకి గుర్తు కూడా ఉండదు. ఇంట్లో రోజూ అంతకన్నా పెద్దవే అనుకునేవాళ్ళు, చేటలతో కొట్టుకునేవాళ్ళు. కానీ ఆ మాట దిగింది. దిగిందీ, దాని పక్కనే ఇంకోటి కూడా ఉంది, దాని పేరు తనకి ఇప్పటికీ సరిగా తెలీదు. అన్నయ్యకి సీటొస్తే అన్నయ్య వెళ్ళిపోతాడు. బల్ల మీద ఊగే కాలు ఉండదు. తనూ నాన్నా మిషనూ. కోపమా అది, భయమా? లెక్కలో అయితే రెండు మూలాలూ విడివిడిగా వస్తాయి, మనిషిలో కలిసి అల్లుకుపోయి వస్తాయి, ఏ పోగు ఏదో లాగి చూపించలేం.

ఇంటర్వ్యూ ముందు రోజు మధ్యాహ్నం బడి వాళ్ళ నాటకాల తెర వచ్చింది కుట్టడానికి, నల్లటిది, కొట్టు నిండిపోయింది. ఒక టేపు చాలక నాన్న రెండు టేపుల్ని చివరా చివరా కలిపి పట్టీ కుట్టాడు. ఆయన దారం రీళ్ళ కోసం బజారుకెళ్ళాడు, అన్నయ్య జుట్టు కత్తిరించుకోవడానికెళ్ళాడు. రెండో టేపు మొదటి టేపు చివర నుంచి బల్ల దిగి, నేల మీదికి, తన కాళ్ళ దాకా పాకుతూ వచ్చింది. ఎవరో పిలిచినట్టు. తను సుద్ద తీసుకుంది. అన్నయ్యలా ఒక్కో అంకే చూడలేదు, వెనక నుంచి వచ్చింది: రెట్టింపులు తీసుకుని ఏడు తగ్గించి, మిగిలింది వర్గమా కాదా అని. పదహారువేల మూడు వందల ఎనభై నాలుగు దాకా అన్నయ్య టేపులోవే. దాని తర్వాతది ముప్పై రెండు వేల ఏడు వందల అరవై ఎనిమిది. ఏడు తీసేస్తే చివర అరవై ఒకటి. నూట ఎనభై వర్గం ముప్పై రెండు వేల నాలుగు వందలు, దానికి నూట ఎనభైనీ నూట ఎనభై ఒకటినీ కలిపితే తర్వాతి వర్గం, మూడు వందల అరవై ఒకటి కలిపింది. ముప్పై రెండు వేల ఏడు వందల అరవై ఒకటి. నల్ల తెర మీద తెల్ల సుద్ద. మళ్ళీ కలిపింది. వీధిలో ఎవరో సైకిలు బెల్లు కొట్టారు. నూట ఎనభై ఒకటి. అంత ఎడారి దాటాక, ఒంటరిగా, ఎవరూ అడగకపోయినా అక్కడ నిలబడి ఉంది. ఆ తర్వాత జీవితంలో చాలా చూసింది, పెద్ద పెద్ద సిద్ధాంతాలు చూసింది, కానీ ఆ మధ్యాహ్నం ఒళ్ళు జల్లుమన్నట్టు మళ్ళీ అనలేదు, ఇప్పుడు తల్చుకున్నా మోకాళ్ళ నొప్పి ఓ క్షణం ఆగుతుంది. నూట ఎనభై ఒకటంటే రెండో టేపు మీద ముప్పై ఒకటి. అక్కడ గుండుసూది గుచ్చింది. తెర మీద సుద్ద గీతలు తడిగుడ్డతో తుడిచేసింది. సూది ఉంచింది. చెప్పను, చూస్తే చూస్తాడు, అనుకుంది.

చెప్పడానికీ చెప్పకపోవడానికీ మధ్య ఒక గుండుసూది మందం ఉంటుంది, పన్నెండేళ్ళ పిల్లకి ఆ సందు చాలు.

పొద్దున అన్నయ్య మొహం కడుక్కుని ఉతికిన చొక్కా తొడుక్కున్నాడు, పై గుండీ పుటుక్కుమని ఊడి మిషను కిందికి దొర్లిపోయింది. "టైలరు కొడుకు చొక్కాకి గుండీ లేదంటే లోకం నవ్వదట్రా" అని నాన్న గుండీల డబ్బా బోర్లిస్తున్నాడు, బస్సుకి టైమవుతోంది, అన్నయ్య "వద్దులే నాన్నా" అంటూ బల్ల చుట్టూ చూశాడు. రెండో టేపు మీద మెరుస్తోంది ఒక్కటే సూది. తను తలుపు దగ్గర నిలబడి చూస్తోంది. లాగాడు. కాలరు దగ్గరికి లాక్కుని, మడత చాటున గుచ్చుకున్నాడు. "ఎలా ఉన్నానే?" అన్నాడు. తను, "బావున్నావ్" అంది. రెండడుగుల దూరం. లెక్క జవాబు గొంతు దగ్గర పెట్టుకుని మనిషి గుమ్మం దిగి, వీధి దాటి, మలుపు తిరిగాడు. పరిగెత్తితే అందేవాడు. చిన్నప్పుడు బాగా పరిగెత్తేది.

సాయంత్రం తిరిగొచ్చి ఆయనే చెప్పాడు, నవ్వుతూ. ముగ్గురూ అదే లెక్క అడిగారట. నాలుగన్నాడట. నాలుగే అని ఎలా చెప్పగలవు బాబూ అన్నాడట మధ్యలో కూర్చున్నాయన. "టేపు అయిపోయింది సార్" అన్నాడట. ముగ్గురూ పడీ పడీ నవ్వారట. ఇంటికొచ్చి ఆయన నవ్వితే నాన్నా నవ్వాడు, సున్నా మాస్టారు కూడా కళ్ళు తుడుచుకుంటూ నవ్వారు. సీటు ఇంకో ఊరి కుర్రాడికి వెళ్ళింది. మర్నాడు అన్నయ్య మిషను ముందు కూర్చున్నాడు. అదే రోజు నుంచి ఆ కాలు ఊగడం మానేసి తొక్కడం మొదలెట్టింది.

నాలుగేళ్ళకి అదే సీటుకి తను వెళ్ళింది. అదే గది, అన్నయ్య చెప్పిన మధ్యాయనే, జుట్టు మాత్రం తెల్లబడింది. సున్నా మాస్టారు చెప్పి పంపినట్టున్నారు, అదే లెక్క. తను అయిదు అంది. అయిదే అని చెప్పలేను, వెతికినంత మేర అయిదు, ఇంక లేవని చెప్పడానికి వెతుకులాట చాలదు, అంది. ఆ మాట అన్నయ్య నవ్వులోంచి నేర్చుకున్నదే. సీటిచ్చారు. వెళ్ళే ముందు అన్నయ్యే బట్టలు కుట్టాడు, కుట్టు లోపల వేలెడేసి గుడ్డ వదిలాడు, "పెరుగుతావుగా" అని. గుండీలు రెండు పేటల దారంతో, ఒక్కోటి మూడేసి సార్లు లాగి చూశాడు. "ఎద్దు లాగినా రావు" అన్నాడు. "నేను వదిలేసింది మా సూది నాలుగేళ్ళు వెతికి పట్టుకుంది" అని ఊరంతా చాటింపు వేశాడు. నాలుగేళ్ళు! ఒక్క మధ్యాహ్నం.

ప్రతి ఏడూ ఆ లెక్క చెప్పింది పిల్లలకి. ఘాతం, అంటే రెండుని ఎన్నిసార్లు హెచ్చవేశామన్నది, సరిసంఖ్య అయితే చిటికెలో తేలిపోతుంది: రెట్టింపే ఇంకో వర్గం అవుతుంది, రెండు వర్గాల తేడా ఏడు, తేడా రెండు అంకెల హెచ్చవేతగా చీలుతుంది, ఏడు ప్రధాన సంఖ్య, చీలితే ఒకటీ ఏడూ తప్ప వేరే దారి లేదు, కాబట్టి మూడొక్కటే. పిల్లలు హాయిగా రాసుకునేవాళ్ళు. ఘాతం బేసి అయితేనే అసలు కథ. మామూలు అంకెల్లో వర్గం ప్లస్ ఏడు ఎటు కోసినా తెగదు. మైనస్ ఏడుకి వర్గమూలం ఉందనుకుని, ఆ లేని అంకెల లోకంలోకి దిగితే అప్పుడు తెగుతుంది, పది బోర్డులు నిండాక ఇంకే దారీ మిగలదు, అయిదే. ఏటా ఆ అయిదూ వరసగా రాసేది. పదకొండు రాశాక సుద్ద ఓ క్షణం ఆగేది. పిల్లలు అది పాఠం చెప్పే నేర్పు అనుకునేవాళ్ళు.

చెబితే ఏమవుతుంది? ఆ మాట చచ్చిపోతుంది. అదీ ఆమె భయం. సీటు పోయింది, చదువు పోయింది, ఆ స్థానంలో ఆ మనిషి ఒక్క నవ్వు కుట్టుకున్నాడు, ఏభై ఏళ్ళు దాన్నే తొడుక్కుని తిరిగాడు, చిరుగు కనబడకుండా. ఆ కుట్టు తను విప్పాలా, విప్పి ఏం తొడగాలి? చెప్పకపోతేనో. ఇవాళ కంటి పొర తీసి అద్దం పెడుతున్నారు, రేపు కట్టు విప్పగానే ముందు తన మొహమే చూస్తాడు. యంత్రం ఆగింది. ఎదురు బెంచీ ఆయన లేచి నోరు మూసుకున్నాడు. గడియారం పదకొండూ అయిదు.

చెయ్యి పట్టుకుని తీసుకొచ్చారు. ఎడమ కంటికి తెల్లటి కట్టు, పైన ప్లాస్టిక్ మూత. "అరగంట ఇక్కడే కూర్చోబెట్టండి, రెండో కన్ను కూడా మూసుకునే ఉండాలి" అంది నర్సమ్మాయి. ఆమె చొక్కా తొడిగి గుండీలు పెట్టింది. కళ్ళు మూసుకుని చేతులు బార్లా చాపి నిలబడ్డాడు, కొలతలివ్వడానికొచ్చిన మనిషిలా.

"ఎవరే కుట్టింది ఈ చొక్కా, చంక పట్టేస్తోంది" అన్నాడు.

"నువ్వే."

"అందుకే బేరం ఆడకుండా ఇచ్చేశాడు వెధవ."

కూర్చున్నారు. ఆమె ఆయన వైపు చూడలేదు, చూసినా ఆయనకి తెలీదు, అయినా చూడలేదు.

"అన్నయ్యా, ఒకటి చెప్పాలి."

"చెప్పు. చెవులకి కట్టలేదుగా కట్టు."

"ఆ నూట ఎనభై ఒకటి... నాలుగేళ్ళు వెతకలేదు నేను. నువ్వు ఇంటర్వ్యూకి వెళ్ళే ముందు రోజే దొరికింది. తెర టేపు మీద, ముప్పై ఒకటి దగ్గర సూది గుచ్చిపెట్టా. పొద్దున నువ్వు కాలరుకి పెట్టుకుంది అదే. చూశాను. చూస్తూ ఊరుకున్నా."

  ఆయన కుడి చెయ్యి దానంతటదే లేచి కాలరు దగ్గరికి వెళ్ళింది, పై గుండీ పక్కన, మెడ మీద ఒక చోట ఆగింది.

"అది గుచ్చుకుంటూనే ఉందే" అన్నాడు. "వాళ్ళు అడుగుతున్నంతసేపూ. ఇదిగో, ఇక్కడ. మెడ తిప్పితే చాలు పొడిచేది. మధ్యాయన మంచివాడు, తొందర లేదు బాబూ, ఇంకోసారి ఆలోచించు అన్నాడు. ఆలోచిద్దామని తల వంచా. మళ్ళీ పొడిచింది. ఎప్పుడు బయటపడతానా అనిపించింది నాకు. టేపు అయిపోయింది సార్, అనేశా."

నలభై ఆరో నంబరు రావాలని ఎవరో కేకేశారు. ఎవరో లేచి వెళ్ళారు. ఆమె చేతిలో చీటీ చెమటకి తడిసి నలిగిపోయింది.

"నీ బట్టలకి గుండీలు ఎందుకన్నిసార్లు లాగి చూశానో నాకే తెలీదు అప్పుడు" అన్నాడు.

"తిట్టు అన్నయ్యా."

"తిడతా. తొందరేముంది, ఇంటిదాకా బోలెడు దారి." నవ్వలేదు. మూసిన కంటి కొసన తడి, మందు చుక్కో ఏదో, చెంప మీదికి జారితే తుడుచుకోలేదు. "ఇంతకీ ఆపైన లేవా? నిజంగా?"

"లేవు."

"ఎక్కడిదాకా చూశావ్?"

"చూసి చెప్పేది కాదది. ఎంత పొడుగు టేపైనా చాలదు."

"మరి?"

"అది నిలువునా కోస్తే తెగదు. అడ్డంగా కోసినా తెగదు. క్రాసుకి వెయ్యాలి."

గుడ్డని ఏటవాలుగా కత్తిరించడం ఆయనకి చెప్పక్కర్లేదు. తల కొంచెం పక్కకి వంచాడు, బల్ల మీద కొత్త తాను విప్పినప్పుడు వంచినట్టు. బెంచీ కింద ఆయన కాలు, ఆమె చూస్తుండగా, ఒకసారి ఊగింది. ఆగింది. మళ్ళీ ఊగింది. తర్వాత కాలరు మడత కిందికి వేళ్ళు పోనిచ్చి తడిమి, ఒక గుండుసూది లాగి, మొన తన వైపు పెట్టుకుని, సూది గుండు ఆమె వైపుగా గాలిలోకి చాపాడు.

"ఇందా. ఈసారి చెప్పి గుచ్చవే సూదీ."